ఆవకాయ మరక పడ్డ తెర

నేను ఒక తెరని. సినిమా తెరని కాను, నాటకాల తెరని కాను. విమానంలో బిజినెస్ క్లాసుకీ ఎకానమీకీ మధ్య, నడిచే దారికి అడ్డంగా వేలాడే బూడిదరంగు గుడ్డని. వెడల్పు ఒక మనిషి బారెడు కూడా ఉండను. మందం సంగతి అడక్కండి, మీ ఇంట్లో పాత దుప్పటి నాకన్నా నయం. అయినా పెద్దవాళ్ళనీ మామూలువాళ్ళనీ ఇంత తక్కువ గుడ్డతో విడదీసిన ఘనత నాకే దక్కింది.

పుట్టింది ఒక మిల్లులో. నాతోపాటే నేసిన ఒక ముక్కని కత్తిరించి, నిప్పు పెట్టి చూశారు. అది అంటుకోలేదు. కాబట్టి నేను పాసయ్యానన్నారు. ఒకరు పరీక్ష రాస్తే ఇంకొకరికి ఉద్యోగం రావడం మనుషుల్లోనే ఉంటుందనుకునేదాన్ని, గుడ్డల్లో కూడా ఉంది.

ఉద్యోగం తేలికే. విమానం పైకి లేచాక నన్ను లాగి మూస్తారు. దిగే ముందు తెరిచి, ఒక పక్కకి పట్టీతో కట్టేస్తారు. లేచేటప్పుడూ దిగేటప్పుడూ నేను మూసి ఉండకూడదని రూలు. అంటే ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ తేడా నేల మీద లేదు, మబ్బుల్లోకి వెళ్ళాక మొదలవుతుంది. ఈ రూలు రాసినాయన ఆలోచించే రాశాడో, అలా కుదిరిందో నాకు తెలియదు.

పైన ఉన్నంతసేపూ నాకు రెండు పక్కలూ తెలుసు. ముందు పక్క వెడల్పు సీట్లు. అక్కడ కూర్చునేవాళ్ళలో సొంత డబ్బుతో వచ్చినవాళ్ళు తక్కువ. ఆఫీసువాళ్ళు కొనిపెట్టిన టిక్కెట్టు మీద వచ్చి, పుట్టినప్పటినుంచీ అలాగే తిరుగుతున్నట్టు మొహం పెడతారు. వాళ్ళు ముందే ఎక్కి కూర్చుని పేపరు విప్పుతారు. వెనకవాళ్ళు బ్యాగులు ఈడ్చుకుంటూ వాళ్ళ పక్కనుంచి నడిచిపోతున్నంతసేపూ ఆ పేపర్లో పేజీ తిరగదు. ఆ కాసేపటి కోసమే ఆ టిక్కెట్టు. నడిచిపోయేవాళ్ళు తక్కువేం కాదు. సీట్ల వైపు ఓరగా చూసి, "గంట ప్రయాణానికి ఎందుకండీ ఈ దండగ" అని పక్కవాళ్ళకి గట్టిగా చెబుతారు. చెబుతూ నడక తగ్గిస్తారు. మాడుగుల హల్వా డబ్బాల సంచీ ఆ వెడల్పు సీటుకి కాస్త తగిలిస్తారు, మెత్తగా ఉందో లేదో హల్వాకైనా తెలియాలని.

నన్ను తెరిచి మూసే చెయ్యి చాలావరకు సుహాసినిది. తుని అమ్మాయి, ఎయిర్ హోస్టెస్. ఇంగ్లీషూ హిందీ నాలిక చివర ఉంటాయిగానీ, ఎదుటివాళ్ళు తెలుగువాళ్ళని తెలిస్తే ఒక్క నిమిషంలో వాళ్ళింటి పిల్ల అయిపోతుంది. నన్ను విదిలించకుండా, కసురుకోకుండా మూసింది ఆ పిల్లొక్కతే. మిగతావాళ్ళు బస్సు కిటికీ అద్దం లాగినట్టు లాగేవాళ్ళు.

ఇన్నాళ్ళ ఉద్యోగంలో నాతో ఎవరూ మాట్లాడలేదు. తెరతో ఎవరు మాట్లాడతారు? కానీ ఒకసారి మాట్లాడారు. నేను చెప్పదలచుకున్నది అదే.

మే నెల. విశాఖపట్నం నుంచి హైదరాబాదు వెళ్ళే మధ్యాహ్నం విమానం. బిజినెస్ క్లాసు చివరి వరసలో, దారి పక్క సీట్లోకి వరహాలమ్మగారు వచ్చారు. అరవై దాటిన మనిషి. నేత చీర, మెడలో నల్లపూసలు, చేతిలో మందుల సంచీ. నాలుగడుగులు వేసేసరికి ఆయాసం. ఆవిడ వెనకే మొగుడు పైడినాయుడుగారు, పోర్టులో పనిచేసి రిటైరైన ఆయన, గుడ్డసంచీ గుండెలకి హత్తుకుని వచ్చారు. కానీ ఆయన ఆవిడ పక్కన కూర్చోలేదు. నన్ను దాటి, నా వెనక మొదటి వరసలో, ఎకానమీలో, సరిగ్గా ఆవిడ వెనక సీట్లో కూర్చున్నారు.

ఎందుకంటే వెనక సీట్లకన్నా మనుషులు ఎక్కువైపోయారట. మీ ఇద్దరిలో ఒకరిని ముందుకి పంపిస్తాం, ఊరికే, అన్నారట కౌంటర్లో. ఆయన పెళ్ళాంతో ఏమీ అనకుండా కౌంటర్లో పిల్లతో, "ఆవిడకి ఇచ్చీయమ్మా, ఆయాసం మనిషి" అన్నారట. ఆవిడ ఆయనతో ఏమీ అనకుండా అదే పిల్లతో, "నాకేటి అక్కర్లేదని చెప్పమ్మా" అన్నారట. ఆ పిల్లకి ఏమీ అర్థంకాక కంప్యూటరు ఏది చెబితే అది చేసింది. ఈ సంగతి ఆవిడే సుహాసినికి చెబుతుంటే విన్నాను.

వేడి తువ్వాలు ఇచ్చారు ఆవిడకి. బిజినెస్ క్లాసులో దాన్ని మొహానికి అద్దుకుని, కళ్ళు మూసుకుని, హిమాలయాల్లో ఉన్నట్టు ఊపిరి వదలాలి. అది పద్ధతి. వరహాలమ్మగారు ఆ తువ్వాలుతో ముందు చెయ్యి పెట్టుకునే చోటు తుడిచారు. తర్వాత ట్రే బల్ల. తర్వాత ముందు సీటు వీపు. కిటికీ పక్కన కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన లాప్‌టాప్ తెరుచుకుని ఉన్నారు.

"చెయ్యి కాస్త ఎత్తు నాయనా, ఇక్కడ జిడ్డు ఉన్నాది," అన్నారు ఆవిడ.

ఆయన ఎత్తారు. ఆఫీసులో ఎంతమంది చేత చేతులెత్తించిన మనిషో పాపం, మాట్లాడకుండా ఎత్తారు. అంతా తుడిచాక ఆవిడ చెప్పులు విప్పి, కాళ్ళు పైకి పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆ సీటు వెడల్పుని పూర్తిగా వాడుకున్న మనిషిని నేను చూడటం అదే మొదలు.

విమానం లేచింది. సుహాసిని నన్ను మూసింది. కాసేపటికి నా వెనకనుంచి ఒక దగ్గు వినిపించింది. తర్వాత మాట.

"ముందు కూచున్నవాళ్ళు మధ్యాహ్నం మాత్ర వేసుకున్నారో లేదో."

కోటాయన వెనక్కి చూశారు. తనని కాదని తెలుసుకుని మళ్ళీ తిరిగారు. వరహాలమ్మగారు మాత్రం తల తిప్పలేదు. నా అంచు వైపు కాస్త ఒరిగి, "వేసుకున్నారనీసి చెప్పు," అన్నారు.

ఎవరికి చెప్పమన్నారు? చుట్టుపక్కల ఎవరూ లేరు. నాకే.

మీకు తెలియని సంగతి కాదు. మీ ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలకి మాటలు లేనప్పుడు మాటలు ఆగిపోవు, దారి మారతాయంతే. గోడకి చెబుతారు, చంటిపిల్లకి చెబుతారు, పాలవాడికి చెబుతారు. "కొందరికి అన్నం వడ్డించి ఉంది" అని వంటగది నుంచి ఒక కేక, "కొందరికి ఆకలి లేదు" అని హాల్లోంచి ఇంకో కేక. ఇద్దరూ ఒకరి మాట ఒకరు విన్నా, విననట్టే లెక్క. వీళ్ళింట్లో ఆ ఉద్యోగం ఫ్రిజ్‌దని తర్వాత తెలిసింది. విమానంలో ఫ్రిజ్ కనపడలేదు కాబట్టి నేను దొరికాను.

"పలచగా ఉన్నారు, దుప్పటి కప్పుకోమను. ఏసీ తగుల్తాది," వెనకనుంచి.

"పలచగా ఉన్నవాళ్ళకి తెలుసునని చెప్పు," ముందునుంచి. అని, దుప్పటి కప్పుకున్నారు.

ట్రేలు వచ్చాయి. పైన ఆకు గుచ్చిన పన్నీరు, పిడికిట్లో మాయమయ్యే బన్ను, వేలెడు పొట్లంలో ఊరగాయ. ఆవిడ చెయ్యి పెట్టలేదు.

"తినరా పిన్నిగారూ?" అంది సుహాసిని, వంగి.

"వెనకాల మనిషి తిన్నాక తింటానమ్మా."

"ఆయన మీవారా? మరి మీరే చెప్పొచ్చు కదండీ తినమని."

"మాకు మాటల్లేవు," అన్నారు ఆవిడ, మాకు కారు లేదు అన్నట్టుగా.

సుహాసిని తుని పిల్ల కాబట్టి ట్రే పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమైంది పిన్నీ?"

"ఏటవుతాదమ్మా. గుండెలో కవాటమో ఏటో పాడైపోనాదంట. ఎల్లుండి హైద్రాబాదులో కోస్తారంట. తారీకు ఆయనే పెట్టీసేరు, డాక్టరుకి ఆయనే చెప్పీసేరు. గుండె నాది కదా, నన్నొక మాట అడగాలి కదా! ఆవకాయ పెట్టీసి వస్తాను, అంతవరకూ ఆగండి అన్నాను. అదే నా తప్పు."

"ఆపరేషన్ పెట్టుకుని ఆవకాయ ఏంటి పిన్నీ?"

వెనకనుంచి గొంతు లేచింది. "అద్గదీ! అలాగడుగమ్మా! నేనడిగితే నా మీద పడ్డాది!"

"చూశావా, నాతో కాదు, నీతో మాట్లాడుతున్నారు," అన్నారు వరహాలమ్మగారు, సంతృప్తిగా. తర్వాత గొంతు తగ్గించారు. "ఇంట్లో గొడవెందుకని హైద్రాబాదు దాకా వస్తానన్నానమ్మా. ఆపరేషన్ బల్లెక్కుతాననలేదు. డాక్టరు ఎదురుగానే చెప్పీస్తాను నాకొద్దనీసి. సంతకం నాది కదా, ఆయనది కాదు కదా."

నేను అంతవరకూ దీన్ని మామూలు అలక అనుకున్నాను. అప్పుడు తెలిసింది, నా వెనక కూర్చున్న మనిషి గుడ్డసంచీని అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారో. ఈ మాట వస్తుందని ఆయనకి ముందే భయం. ఆవిడ తగ్గించి చెప్పినా వినపడింది. సంచీ మీద వేళ్ళు బిగుసుకున్నాయి. ఆయన గొంతులో ఇందాకటి పౌరుషం లేదు.

"ఆవకాయ పెట్టడం అయిపోనాది కదా, ఇంకేటి అడ్డం అని అడుగు."

వరహాలమ్మగారు ఇన్నాళ్ళూ దాచుకున్న కోపమంతా అప్పుడు బయటికి వచ్చింది.

"పెట్టారంట! ఎవరు పెట్టమన్నారు? నేను గుడికెళ్ళొచ్చేసరికి కాయలు కొట్టించి తెచ్చీసి, కలిపీసి, జాడీకెత్తీసి కూచున్నారు. ఎలా కలిపారో అడుగమ్మా. ముక్కలు కొట్టించింతర్వాత కడిగీసారు!"

సుహాసిని చెయ్యి నోటి మీదికి పోయింది. "కోశాక కడిగారా!"

పైలట్ నిద్రపోయాడని చెప్పినా ఆ పిల్ల అలా ఉలిక్కిపడి ఉండేది కాదు.

"ముక్కకి తడి తగిలితే ఎలాగండీ, బూజు పట్టెయ్యదూ?" అన్నారు కోటాయన. లాప్‌టాప్ మూసేశారు. ఆయన తెలుగువాడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, బహుశా ఆయనకీ గుర్తులేదు. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి, "కాయ కడిగి, తుడిచి, ఆరబెట్టి, అప్పుడు కదండీ కొట్టాలి," అన్నారు. బిజినెస్ క్లాసు మొత్తం ఒక పక్షం అయిపోయింది. విమానంలో ఇంత ఏకాభిప్రాయం నేను ఎన్నడూ చూడలేదు.

"మట్టి ఉంటే కడగరేటి?" అంది ఎకానమీ, ఒంటరిగా.

"మట్టి లేదు, జీడి పొరలు! అవి గుడ్డతో తుడుస్తారు!" అంది బిజినెస్ క్లాసు.

"అయినా పాడవలేదు. కావాలంటే చూసుకోమను."

సంచీ విప్పిన చప్పుడు. స్టీలు డబ్బా మూత తీసిన చప్పుడు. ఆవకాయ కలిపిన అన్నం ముద్దలు తెచ్చుకున్నారాయన. అన్నంలో కలిపేశారు కాబట్టి సెక్యూరిటీవాళ్ళు ఏమీ అనలేదు. మూత తీయగానే ఆవపిండీ, నువ్వులనూనే, కారమూ కలిసిన కొత్తావకాయ ఘాటు లేచింది. నన్ను నేసినవాళ్ళు నిప్పు గురించి ఆలోచించారు, వాసన గురించి ఆలోచించలేదు. అది నా పైనుంచీ, కిందనుంచీ, నాలోంచీ, టిక్కెట్టు లేకుండా బిజినెస్ క్లాసులోకి నడిచి వచ్చేసింది. కోటాయన తన ట్రేలో ఆకు గుచ్చిన పన్నీరు వైపు ఒకసారి చూశారు. మనిషి మొహంలో అంత పశ్చాత్తాపం నేను అంతకుముందు చూడలేదు.

అప్పుడు నా మడతల మధ్యనుంచి ఒక చెయ్యి వచ్చింది. నరాలు తేలిన ముసలి చెయ్యి, అందులో డబ్బా. వెనకనుంచి ముందుకి చెయ్యి గానీ కాలు గానీ రాకూడదు. అందుకేగా నేనున్నది.

"బూజు ఉన్నాదేమో చూడమను," అంది నా వెనక గొంతు.

"నాకు ఉప్పూ కారం వద్దన్నారు డాక్టరు. చూడను," అన్నారు ఆవిడ.

చెయ్యి వెనక్కి పోలేదు. అలాగే ఉంది. విమానం కాస్త కుదిపింది. డబ్బా అంచునుంచి ఎర్రటి నూనె చుక్క ఒకటి జారి నా అంచు మీద పడింది. సుహాసిని చూసింది. చూడనట్టు లేచి, ట్రేలు పట్టుకుని ముందుకి వెళ్ళిపోయింది. తర్వాత ఆ చెయ్యి మెల్లిగా వెనక్కి వెళ్ళింది.

కోటాయన చెవుల్లో ఏవో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఇంజను హోరు తప్ప ఏమీ లేదు. వరహాలమ్మగారు దుప్పటి అంచు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టారు. తర్వాత నా వైపు పూర్తిగా ఒరిగారు. ఈసారి ఎవరూ వినాలని కాదు. నాకే చెప్పారు.

"ఆయనకి అన్నం వండుకోడం ఒక్కటే వచ్చు. కూర రాదు. చారు పెడితే నీళ్ళలాగుంటాది. ఒకర్ని అడిగి తినే మనిషి కాదు. ఎల్లుండి నేను ఆ బల్ల మీదనించి లేవకపోతే..." ఊపిరి అందక ఆగారు. "జాడీడు ఆవకాయ ఉంటే ఏడాది గడిచిపోతాది. అన్నంలో అంత వేసుకుని తినీసి పడుకుంటారు. అందుకనే నా చేత్తో మంచిది పెట్టీసి వద్దామనుకున్నాను. అదీ పాడు చేసీసుకున్నారు. ఇప్పుడు నేను ఏ ధైర్యంతో బల్లెక్కనూ?"

నేను బట్టని. మాట ఆపడం నాకు చేతకాదు. అటు చేరింది.

వెనక ఆయన డబ్బా మూత పెట్టబోయి, పెట్టకుండా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నారు. ముందు సీటు వీపుని చూస్తున్నారు. ఆ పక్క ఆవిడ వీపు ఉంటుందని ఆయనకి తెలుసు. చివరికి నా అంచుకి దగ్గరగా వంగారు. గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"ఏడాది అయిపోయింతర్వాత ఏటి తినాలో... అది కూడా అడుగు."

వరహాలమ్మగారి చేతిలో దుప్పటి మడత సగంలో ఆగిపోయింది. ఏసీ గాలికి నేను ఎప్పుడూ కాస్త ఊగుతుంటాను. అప్పుడు ఊగకుండా ఉండటానికి నా చేతనైనంత చేశాను.

గంట మోగింది. విమానం కిందికి దిగుతోంది. సుహాసిని వచ్చి నా మీద చెయ్యి వేసి, ఆగిపోయింది. వరహాలమ్మగారు ట్రేతో వచ్చిన గుడ్డ నేప్కిన్ తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు. అంత మంచి నేప్కిన్‌ని అవసరమైన పనికి వాడిన మనిషి కూడా ఆవిడే మొదలు. సుహాసిని పైన కొక్కెం పట్టేసినట్టు కాసేపు నటించింది. కొక్కెం పట్టెయ్యలేదు, నాకు తెలుసు. కానీ రూలు రూలే. నన్ను తెరిచి, పక్కకి మడిచి, పట్టీ కట్టేసింది.

ఆ పక్కనుంచి నాకు ఇద్దరూ కనిపించారు. వాళ్ళ మధ్య నేను లేను. ఆయన దగ్గి, అలవాటు ప్రకారం ఎవరికైనా చెబుదామని అటూ ఇటూ చూశారు. పైన లైటు ఉంది, ఎదురుగా సీటు వీపు ఉంది, కిటికీలో మబ్బులున్నాయి. ఏదీ దగ్గరగా లేదు. వరహాలమ్మగారు సీట్లో మెల్లిగా పక్కకి తిరిగి, దారిలోకి చెయ్యి చాపారు.

"డబ్బా ఇలా ఇవ్వండి."

ఎన్నో రోజుల తర్వాత తిన్నగా వచ్చిన మొదటి మాట. ఆయనకి అది తనతోనే అని తెలియడానికి ఒక క్షణం పట్టింది.

"నీకు ఉప్పు వద్దన్నారు కదే."

"ఒక్క ముద్ద తింటే పోను. ఇవ్వండి."

ఇచ్చారు. ఆవిడ వేళ్ళతో చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నారు. కోటాయన ఒక కన్ను తెరిచారు. ముందు వరసావిడ వెనక్కి తిరిగారు. దిగేటప్పుడు తన సీట్లోంచి లేవకూడదు కాబట్టి సుహాసిని అక్కడినుంచే మెడ సాచి చూస్తోంది. విమానం ఎక్కడ దిగుతోందో ఎవరికీ పట్టలేదు.

వరహాలమ్మగారు నమిలి, మింగి, కాసేపు ఆలోచించారు.

"ఉప్పు చాల్లేదు."

"మరి..."

"తడి తగిలిన ముక్కకి ఇంకా ఉప్పు పడతాది. నూనె ముక్క మీద తేలాలి. ఇప్పుడేటీ కెలక్కండి. దిగగానే పక్కింటి నూకాలుకి ఫోన్ చేసి, జాడీలోది తీసి ఫ్రిజ్‌లో పెట్టమనండి. తడి గరిటె పెట్టొద్దని చెప్పండి. ఇంటికొచ్చింతర్వాత నేను సరిచేస్తాను."

ఆయన దారిలోకి వంగారు. "ఎప్పుడూ?"

"ఎప్పుడేటి? కోసి, కుట్టి, డాక్టరు వదిలీసినప్పుడు."

పైడినాయుడుగారు తల ఊపారు. ఊపుతూనే ఉన్నారు. డబ్బా తీసుకుని మూత పెట్టబోతే కుదరలేదు. మూత పక్కకి జారిపోతోంది. ఆవిడ మళ్ళీ చెయ్యి చాపి, డబ్బా లాక్కుని, మూత నొక్కి ఇచ్చారు.

"ఇదీ రాదు," అన్నారు, ఆయనతోనే.

చక్రాలు నేలకి తగిలాయి.

ఆ తర్వాత నేను రోజూ ఆ ఊరూ ఈ ఊరూ తిరుగుతూనే ఉన్నాను. ఆసుపత్రిలో ఏం జరిగిందో తెరకి ఎవరు చెబుతారు? హైదరాబాదు నుంచి విశాఖ వెళ్ళేటప్పుడల్లా ఎక్కేవాళ్ళ మొహాలు చూసేదాన్ని. సుహాసిని కూడా చూసేది. కోటాయన ఇంకోసారి ఎక్కినప్పుడు సుహాసినిని అడిగిన మొదటి ప్రశ్న, "ఆ ఆవకాయావిడ ఎలా ఉన్నారండీ?" ఆవిడ పేరు ఆయనకి తెలియదు. ముద్ద కూడా దొరకలేదు పాపం.

వర్షాలు మొదలైన రోజుల్లో ఒక పొద్దుటి విమానానికి తలుపు దాకా చక్రాల కుర్చీ వచ్చింది. దాంట్లోంచి వరహాలమ్మగారు లేచి, మొగుడి భుజం పట్టుకుని మెల్లిగా లోపలికి నడిచారు. చిక్కిపోయారు. కానీ ఆయాసం లేదు. ఈసారి ఇద్దరివీ ఎకానమీ టిక్కెట్లే. సుహాసిని, "ముందు సీటు ఖాళీగా ఉంది, కూర్చోండి" అంటే, "వద్దమ్మా, అక్కడ ఒక్కర్నే కూచోబెడతారు," అన్నారు ఆవిడ.

నా పక్కనుంచి వెళుతూ ఆగారు. నా అంచు పట్టుకుని, ఎర్రటి మరకని బొటనవేలితో రుద్ది చూశారు.

"ఇది ఇంకా కడగలేదేటి వీళ్ళు?"

"కడిగితే తిడతావు, కడక్కపోతే తిడతావు," అన్నారు పైడినాయుడుగారు. "నడు, వెనకాల జనం ఆగిపోయారు."

వాళ్ళు దూరంగా వెనక వరసల్లోకి వెళ్ళిపోయారు. దారి పొడుగునా ఆయన సంచీ సరిగా పట్టుకోలేదని ఆవిడ, కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలని ఆయన, తిన్నగా ఒకరితో ఒకరు దెబ్బలాడుకుంటూనే ఉన్నారు. నాకు ఒక్క మాట రాలేదు. మధ్యవర్తికి అంతకన్నా ఏం కావాలి? అయినా కాస్త వెలితిగానే అనిపించింది, అబద్ధమెందుకు.

నిజానికి వాళ్ళు నన్ను కడగలేదని ఆవిడ అన్న మాట తప్పు. చాలాసార్లు కడిగారు. వేడినీళ్ళలో, మందునీళ్ళలో, మిషన్లో. బూడిదరంగు వదిలిందిగానీ ఆ మరక వదల్లేదు. శుభ్రం చేసే చోట సూపర్‌వైజరు నన్ను వెలుతురులో పట్టుకుని, "ఇదేం ఆయిలు, ఇంజనుదా?" అని అడిగాడు. వాసన చూసి, మాట్లాడకుండా భోజనానికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి ఆ విమానంలో బిజినెస్ క్లాసే తీసేశారు. వెడల్పు సీట్లు పీకి, ఇరుకు సీట్లు వేశారు. అందరూ ఒకేలా మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేలా సమానత్వం వచ్చింది. నాకు పని లేకుండా పోయింది. సుహాసిని తన చేత్తోనే కొక్కేలు విప్పి, నాలుగు మడతలు పెట్టి అట్టపెట్టెలో పెట్టింది. మరక ఉన్న అంచు పైకి వచ్చేలా పెట్టింది. అక్కడినుంచి స్టోరుగది, స్టోరుగది నుంచి పాత సామాన్ల గోడౌను. అక్కడ విరిగిన ట్రేల మధ్య, చిరిగిన సీటు కవర్ల మధ్య చాలాకాలం పడుకున్నాను. చివరికి శంషాబాదులో ఒక దర్జీ నన్ను కొనుక్కుపోయాడు, నిప్పంటుకోని గుడ్డ అని చెప్పి అమ్మారు. ఇస్త్రీపెట్టె పక్కన వేలాడదీసుకోవచ్చని కొన్నాడు.

ఇప్పుడు అతని కొట్లో, కొత్త బట్టలు వేసుకుని చూసుకునే మూలకి నేనే తెర. ఇక్కడా నాకు రెండు పక్కలున్నాయి. లోపల పెళ్ళాం, బయట స్టూలు మీద మొగుడు. "సరిపోయిందా?" అంటాడు ఆయన. "మీకు చూడ్డం వచ్చేడిస్తే కదా," అంటుంది ఆవిడ. నా మీదుగా మాట్లాడుకుంటారు. నాతో ఎవరూ మాట్లాడరు. అందరూ బాగానే ఉన్నారన్నమాట.

దర్జీ ఆ మరక కనపడకుండా అంచు లోపలికి మడిచి కుట్టాడు. అయినా మే నెల వచ్చి రేకుల కప్పు కాగిందంటే, మడతలోంచి అది మెల్లిగా మేలుకుంటుంది. బయట స్టూలు మీద కూర్చున్నవాళ్ళు ఉన్నట్టుండి తలెత్తి, గాలి పీల్చి, "ఎవరింట్లోనో ఆవకాయ కలుపుతున్నారు," అంటారు.

ఉప్పు కాస్త తక్కువైందని నాకొక్కదానికే తెలుసు.